ఖాళీ చేయించే హక్కు

అద్దె చెల్లించని మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టటం న్యాయమేనా అని అడిగితే, పేదల పట్ల సానుభూతి ఉన్న చదువరులలో సమాధానం కోసం తడుముకొనేవారు తక్కువ. యజమాని ఉన్నవాడు, అద్దెకున్నవాడు లేనివాడు, కనుక న్యాయం లేనివాడి పక్షాన ఉన్నదని వెంటనే తీర్మానిస్తారు. ఇదే ప్రశ్న ఇంటి యజమానుల్ని అడిగితే వాళ్ళకూ తడుముకొనే పని లేదు: ఇల్లు నాది, డబ్బు రాలేదు, పొమ్మంటాను. ఈ రెండు సమాధానాలూ పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి గాని వాటి మధ్య ఒక పోలిక ఉన్నది. అద్దెకున్న మనిషి ఎందుకు ఇవ్వలేదో, ఇంటి మనిషి ఎందుకు అడుగుతున్నాడో తెలుసుకొనే శ్రమ నుంచి రెండూ మనల్ని తప్పిస్తాయి. నైతిక సమస్యను ఆస్తి లెక్కతోనో పేదరికం లెక్కతోనో తేల్చేయటం సులభమే. కాని అలా తేల్చిన తరువాత కూడా, అయిదు నెలలుగా అద్దె రాని ఇంటి ముందు నిలబడిన మనిషికి ఏం చేయాలో తోచదు.

నాకు ఈ సమస్య రెండు వైపుల నుంచీ తెలుసు. హైదరాబాదులో రెండు గదుల పోర్షనులో కిరాయికి ఉంటున్నాను. ఖమ్మంలో మా అమ్మ తన ఇంటి ముందు భాగాన్ని కిరాయికిస్తుంది. నెల మొదటి వారంలో నేను ఇవ్వవలసిన డబ్బు గురించి ఎంత ఆలోచిస్తానో, ఆమెకు రావలసిన డబ్బు గురించీ అంతే ఆలోచిస్తాను. కాబట్టి ఏదో ఒక పక్షం తీసుకొని ఆవేశపడే సౌకర్యం నాకు లేదు.

ముందు మాటల సంగతి చూద్దాం. పొలాన్ని ఇచ్చేవాడికీ ఇంటిని ఇచ్చేవాడికీ ఇంగ్లీషులో ఒకటే పేరు, ల్యాండ్‌లార్డ్. పుచ్చుకొనేవాడికీ ఒకటే పేరు, టెనెంట్. తెలుగు అలా కలపలేదు. పొలం ఇచ్చేవాడు భూస్వామి, ఇల్లిచ్చేవాడు ఇంటి యజమాని. పొలానికి కౌలు, ఇంటికి అద్దె. ఆ అద్దెను తెలంగాణలో కిరాయి అంటారు, రాయలసీమలో బాడుగ అంటారు. ఇంటిని కౌలుకిచ్చానని అన్నవారిని నేను చూడలేదు. ఈ తేడా కేవలం పదాల తేడా కాదు. కౌలుదారు ఆ నేలమీద తన శ్రమతో పంట పండిస్తాడు; ఆ పంటలోంచి ఒక భాగాన్ని నేలకు స్వామి అయినవాడు ఏ శ్రమా లేకుండా తీసుకొంటాడు. కౌలుదారును తొలగించటమంటే అతని శ్రమకు ఆధారాన్నే లాక్కోవటం. తెలంగాణ గ్రామాలు 'బేదఖల్' అనే మాటను ఎంత భయంతో పలికాయో ఆ చరిత్ర చదివినవారికి తెలుసు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులనే వర్గాన్ని గుర్తించి, వారిని ఇష్టం వచ్చినట్టు తొలగించకుండా కట్టడి చేసిందంటే, దాని వెనుక ఉన్నది ఆ భయమూ, ఆ భయాన్ని ఎదిరించిన రైతాంగమూనే.

అద్దె ఇంట్లో ఉండే మనిషి ఆ ఇంట్లో పంట పండించడు. తాను వేరే చోట సంపాదించిన దానిలోంచి ఒక భాగమిచ్చి, నిలువ నీడను కొనుక్కొంటాడు. ఈ తేడాను మనకంటే చాలా ముందే ఎంగెల్స్ గట్టిగా చెప్పాడు. 1872-73లో లైప్‌జిగ్ నుంచి వెలువడే 'ఫోక్స్‌స్టాట్' పత్రికలో ఇళ్ళ సమస్యపై రాసిన వ్యాసాలలో ఆయన ఎదుర్కొన్న వాదం ఇదే. కార్మికుడికి పెట్టుబడిదారు ఎలాంటివాడో అద్దెదారుకు ఇంటి యజమాని అలాంటివాడేనని ప్రూధాన్ అనుయాయి ఒకరు రాశారు. ఎంగెల్స్ ఒప్పుకోలేదు. ఇంటి అద్దె మామూలు సరుకు లావాదేవీ అనీ, అందులో అద్దెదారు, అతను కార్మికుడే అయినా, శ్రమను అమ్మేవాడుగా కాక డబ్బు పట్టుకొని వచ్చిన కొనుగోలుదారుగా నిలబడతాడనీ ఆయన వాదన. అద్దెలో ఏమేమి కలిసి ఉంటాయో కూడా విడదీసి చూపాడు: కట్టటానికి పెట్టిన డబ్బు మీద వడ్డీ, ఆ డబ్బు కొంచెం కొంచెంగా తిరిగి రావటం, మరమ్మతుల ఖర్చు, వీటితోపాటు నేల విలువ వల్ల వచ్చే భాగం.

ఈ చివరి భాగం దగ్గర మాత్రం భూస్వామి నీడ పడుతుంది. మెట్రో స్టేషను దగ్గరపడినందుకో, పక్కన కంపెనీలు వెలిసినందుకో హైదరాబాదులో ఒక వీధి అద్దె పెరిగితే ఆ పెరుగుదలలో ఇంటి యజమాని చెమట చుక్క కూడా లేదు. దాన్ని నగరమంతా కలిసి సృష్టించింది. ఆ భాగాన్ని పన్ను రూపంలో సమాజం తిరిగి అడగటంలో న్యాయమున్నది. కాని గోడలకూ కప్పుకూ పెట్టిన ఖర్చు తాలూకు భాగాన్ని కూడా దోపిడీ అని కొట్టిపారేస్తే, ఇల్లు కట్టించిన మేస్త్రీ కూలి ఎవరివ్వాలో చెప్పవలసి ఉంటుంది.

ఇంతవరకూ ఒప్పుకొన్నాక ఇంటి యజమాని వెంటనే అంటాడు: "సరే, సరుకే కదా. డబ్బివ్వకపోతే కిరాణా కొట్టువాడు బియ్యం ఆపేస్తాడు, నేను ఇల్లు ఆపేస్తాను." ఇక్కడే అసలు చిక్కున్నది. కొట్టువాడు ఆపేది ఇంకా ఇవ్వని బియ్యాన్ని. ఇంటి యజమాని వెనక్కి తీసుకొనేది, లోపల ఒక కుటుంబం బ్రతుకుతున్న ఇంటిని. రేషను కార్డు మీద ఉన్నది ఆ ఇంటి నంబరు. పిల్లల బడి ఆ వీధికి దగ్గర. ఇంటి ఇల్లాలు పనికి వెళ్ళే నాలుగిళ్ళూ ఆ పేటలోనే ఉన్నాయి. సామాను రోడ్డు మీద పెడితే ఆగిపోయేది ఒక లావాదేవీ మాత్రమే కాదు. కొట్టువాడు అప్పు నిలిపేస్తే మరో కొట్టుకు పోవచ్చు, ఒక పూట పస్తుండవచ్చు. ఇల్లు పోయిన మనిషి ఆ రాత్రి ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. శరీరమున్నంతవరకు అది చోటును అడుగుతూనే ఉంటుంది.

అందుచేత, అద్దె అడగటం న్యాయమేననీ, ఖాళీ చేయించటం మామూలు అమ్మకాన్ని ఆపటం వంటిది కాదనీ ఒకేసారి ఒప్పుకోక తప్పదు. ఈ రెండు సత్యాలనూ కలిపి పట్టుకోవటానికి మన చట్టాలు చాలాకాలంగా ప్రయత్నిస్తూ వచ్చాయి. వాటిని లాయర్ల వ్యవహారంగా వదిలేయకుండా నీతి గ్రంథాలుగా చదివితే మనకు కొంత ఉపయోగమున్నది.

ఆంధ్ర ప్రాంతంలో అమలులో ఉండిన 1949 నాటి మద్రాసు చట్టాన్నీ, తెలంగాణలోని 1954 నాటి హైదరాబాదు చట్టాన్నీ తొలగించి, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో ఒక అద్దె నియంత్రణ చట్టం చేశారు. తెలుగు పట్టణాల ఇళ్ళ తగవులను దశాబ్దాల పాటు నడిపించింది ఆ చట్టమే. ఒప్పందంలోని గడువు దాటి 15 రోజుల్లోగా, అలాంటి ఒప్పందం లేకపోతే మరుసటి నెల ఆఖరి రోజులోగా అద్దె చెల్లించని వ్యక్తిని ఖాళీ చేయించమని యజమాని రెంటు కంట్రోలరును కోరవచ్చునని అది చెప్పింది. అయితే అక్కడితో ఆగలేదు. చెల్లించకపోవటం ఉద్దేశపూర్వకం కాదని కంట్రోలరుకు నమ్మకం కలిగితే, 15 రోజులకు మించకుండా మరో గడువు ఇవ్వవచ్చు. ఆ గడువులో డబ్బు కడితే యజమాని దరఖాస్తును కొట్టివేయాలి. అంటే బాకీ ఉన్నదా లేదా అనే లెక్కతోనే తగవు తీరదు. బాకీ పడిన మనిషి మనసులో ఏమున్నదో కూడా విచారించాలి. ఇవ్వలేనివాడు వేరు, ఇవ్వనివాడు వేరు.

1985లో సుందరం పిళ్ళై కేసులో సుప్రీంకోర్టు తమిళనాడు చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ ఈ 'ఉద్దేశపూర్వకం' అనే మాటను వివరించింది. ఫలితం ఏమిటో తెలిసి, ఆలోచించి, కావాలని చెల్లించకుండా ఉండటమే ఆ మాటకు అర్థమని తేల్చింది. మన 1960 చట్టంలో మరొక సంగతి ఉన్నది. బాకీ చూపించి ఖాళీ చేయించే ఎత్తుగడతో కొందరు యజమానులు అద్దెను పుచ్చుకోవటమే మానేస్తారు. అప్పుడు అద్దెదారు ఆ డబ్బును మనియార్డరు చేయవచ్చు, చివరికి కంట్రోలరు వద్ద జమ కట్టవచ్చు. మొండితనం ఒక వైపునే ఉండదని చట్టానికి తెలుసన్నమాట. పేదల కోసం చేయని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా ఈ మెత్తదనాన్ని పూర్తిగా వదులుకోలేదు. అద్దె బాకీ కారణంగా లీజు పోయిన మనిషి కేసు విచారణకు వచ్చిన రోజున బాకీనీ వడ్డీనీ ఖర్చుల్నీ కట్టేస్తే కోర్టు అతన్ని ఆ ఇంట్లోనే ఉండనివ్వవచ్చునని అందులోని 114వ సెక్షను అంటుంది.

అదే 1985లో ఓల్గా టెల్లిస్ కేసు తీర్పు వచ్చింది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద గుడిసెలు వేసుకొన్నవారికి ఆ చోటు మీద హక్కు లేదని సుప్రీంకోర్టు అన్నది. అయినా వారిని తొలగించే ముందు నోటీసు ఇవ్వాలనీ, వారి మాట వినాలనీ అన్నది. బ్రతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని గుర్తించింది. ఏ అద్దే కట్టని, ఏ ఒప్పందమూ లేని మనిషికే తొలగించే ముందు ఒక మాట చెప్పాలంటే, నెలనెలా అద్దె కట్టి ఇప్పుడు ఆగిపోయినవాడికి ఎన్ని మాటలు చెప్పాలి?

వీటన్నిటి సారాంశం నాకిలా కనిపిస్తుంది. బాకీ అడిగే హక్కు యజమానిది. ఖాళీ చేయమని కోరే హక్కూ యజమానిదే. కాని ఖాళీ చేయించే చెయ్యి మాత్రం అతనిది కాకూడదు. తాళం మార్చటం, కరెంటు తీసేయించటం, నీళ్ళు ఆపటం, తలుపులు ఊడదీయటం, నలుగురు మనుషుల్ని పంపి బెదిరించటం, ఇవన్నీ తన తగవులో తానే తీర్పరి కావటం. చట్టం నిషేధించింది కాబట్టి మాత్రమే ఇవి తప్పని నేననటం లేదు. ఇవ్వలేనివాణ్ణీ ఇవ్వనివాణ్ణీ వేరుచేసి చూడవలసిన చోట, కోపంతో ఉన్న యజమానికి ఆ చూపు ఉండదు. పైగా ఫ్యూజు పీకిన చెయ్యి దెబ్బ తగిలేది బాకీదారుకు కాదు.

మా అమ్మ ఇంట్లో జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి పోయాడు. ఆమెకు వచ్చే పింఛను మందులకే చాలదు. ముందు పోర్షనుకు వచ్చే 5,500 రూపాయల కిరాయి ఆమె నెల ఖర్చులో ప్రధాన భాగం. 2022లో అందులో ఒక టైలరు కుటుంబం ఉండేది. అతను పనిచేసే దుకాణం మూతపడింది. ఇంటి దగ్గర మిషను పెట్టుకొన్నాడు గాని గిరాకీ లేదు. జులై నుంచి నవంబరు దాకా అయిదు నెలలు కిరాయి రాలేదు. మా మామయ్య వచ్చి, "మోటారు ఫ్యూజు పీకెయ్యి అక్కా, వారం తిరక్కుండా వాళ్ళే పోతారు" అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "నీళ్ళాపితే వాడికేమైతదిరా? బిందె పట్టుకొని వీధి చివరికి పోయేది ఆ పదో తరగతి పిల్ల" అన్నది.

నేను వెళ్ళి అతనితో కూర్చున్నాను. అతని వద్ద దాచిన డబ్బేమీ లేదు, దాచిన ఉద్దేశమూ లేదు. పిల్ల పరీక్షలు అయ్యేదాకా, డిసెంబరు నుంచి నెలకు సగం కిరాయి ఇవ్వటానికీ, పరీక్షలయ్యాక ఖాళీ చేయటానికీ, మొదట ఇచ్చిన రెండు నెలల అడ్వాన్సును బాకీలో తగ్గించుకోవటానికీ కాగితం రాసుకొన్నాం. అతను మాట తప్పలేదు. ఏప్రిల్‌లో, పరీక్షలు ముగిసిన వారానికే వెళ్ళిపోయాడు. అప్పటికి అడ్వాన్సు పోను బాకీ 27,500 రూపాయలు. తరువాత రెండు దఫాలుగా 4,000 పంపాడు. మిగిలిన 23,500 రాలేదు, ఇక రాదు.

ఇది మా మంచితనానికి నిదర్శనంగా రాయటం లేదు. ఈ వ్యవహారంలో ఒక్కరు కూడా అన్యాయంగా ప్రవర్తించలేదు, అయినా నష్టం జరిగింది. దుకాణం మూసినవాడు తన నష్టాన్ని టైలరు మీదికి తోశాడు. టైలరు తోయటానికి మిగిలింది మా అమ్మ. ఆ సంవత్సరం ఇంటి పన్ను ఆగలేదు, మోటారు కరెంటు బిల్లు ఆగలేదు, ఆమె షుగరు మందులు మాత్రం రెండు నెలలు సగానికి తగ్గాయి. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. ఒక మనిషి పని పోతే ఆ భారం ఎవరు మోయాలనేది సమాజం తేల్చవలసిన ప్రశ్న. దాన్ని తేల్చకుండా వదిలేస్తే, ఎవరి ఇంట్లో అతను అద్దెకున్నాడో వారి మీద పడుతుంది. ఇది న్యాయం కాదు, యాదృచ్ఛికం. యజమాని దయగలవాడైతే తాను మునుగుతాడు, దయలేనివాడైతే అద్దెదారును ముంచుతాడు. ఎవరో ఒకరి దయ మీద నిలబడవలసిన ఏర్పాటును మనం న్యాయమని పిలవలేం.

ఈ భారాన్ని చట్టం ద్వారా శాశ్వతంగా యజమానుల మీదనే పెట్టి చూసిన నగరం ఉన్నది. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం చాలా ఇళ్ళ అద్దెలను 1940 సెప్టెంబరు 1 నాటి స్థాయి వద్ద నిలిపేసింది. యుద్ధకాలపు కరువులో, దేశ విభజన నాటి వలసల్లో దాని అవసరాన్ని కాదనలేం. కాని ఆ అంకెలు దశాబ్దాలపాటు కదలలేదు. వచ్చే అద్దె మరమ్మతుకు చాలక పాత భవనాలు శిథిలమయ్యాయి. అద్దెకివ్వటం కోసం ఇళ్ళు కట్టేవారు తగ్గిపోయారు. రక్షణ పొందినవారిలో పేదలతోపాటు మంచి పేటల్లో నామమాత్రపు అద్దెకు స్థిరపడిన సంపన్నులూ ఉన్నారు. కొత్తగా నగరానికి వచ్చిన కూలీకి ఆ రక్షణ అందలేదు. 1997లో సుప్రీంకోర్టు ఆ స్తంభించిన అద్దెల ఏర్పాటు కాలం గడిచినకొద్దీ అసమంజసంగా మారిందని చెప్పవలసి వచ్చింది. 1999లో మహారాష్ట్ర కొత్త చట్టం చేసుకొన్నది.

ఖాళీ చేయించలేమనే భయానికి మరో ఫలితం కూడా ఉన్నది. కోర్టుకు పోతే సంవత్సరాలు పడుతుందని తెలిసిన యజమాని తన జాగ్రత్తనంతా గేటు దగ్గరే చూపిస్తాడు. 'టు లెట్' బోర్డు చూసి వెళ్ళినవాణ్ణి ఊరేది, ఉద్యోగమేది అని అడిగి, తరువాత గొంతు తగ్గించి 'మీరేమిట్లు' అని అడుగుతాడు. దళితుడికీ, ముస్లిముకీ, ఒంటరి స్త్రీకీ ఇల్లు దొరకకపోవటానికి మూలకారణం కులమూ మతమూ పురుషాహంకారమూనే. కాని ఈ భయం ఆ దురభిమానానికి వ్యాపార జాగ్రత్త అనే మర్యాదైన వేషం తొడుగుతుంది. మరికొందరు అసలు ఇవ్వనే ఇవ్వరు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాలలో దాదాపు 1 కోటి 10 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నట్టు తేలింది. అవన్నీ భయం వల్లనే ఖాళీగా ఉన్నాయని అనను. విలువ పెరిగేదాకా తాళం వేసి ఉంచినవీ ఉన్నాయి. అయినా, కావాలని అద్దె ఎగ్గొట్టే స్థితిమంతుడైన అద్దెదారు ఒక్క యజమానికే నష్టం చేయటం లేదు. అతని తరువాత ఆ గేటు దగ్గరికి రాబోయే నిజమైన పేదవాడికి తలుపు మూసేస్తున్నాడు. అతన్ని పేదల పక్షం పేరుతో సమర్థించటం పేదలకే ద్రోహం.

2020లో ఈ సమస్య దేశమంతటా ఒక్కసారి బయటపడింది. మార్చి 29న కేంద్ర హోంశాఖ వలస కూలీల నుంచి నెల రోజులపాటు అద్దె అడగవద్దనీ, కూలీలనూ విద్యార్థులనూ ఖాళీ చేయించే యజమానులపై చర్య తీసుకొంటామనీ ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మూడు నెలల అద్దె వసూలును వాయిదా వేసి, తరువాత వడ్డీ లేకుండా వాయిదాలలో తీసుకోవాలన్నది. ఆ రోజుల్లో నేను పనిచేస్తున్న ప్రైవేటు కళాశాల జీతాలు నిలిపేసింది. మా ఇంటాయన నన్ను పల్లెత్తు మాట అనకుండా మూడు నెలలు ఆగాడు. ఆ ఉత్తర్వుల అవసరాన్ని నేను స్వయంగా ఎరుగుదును. కాని అవి కూడా బరువును ఒక భుజం మీదినుంచి మరో భుజం మీదికి మార్చాయే తప్ప, సమాజం తన భుజం పెట్టలేదు. అద్దె మీదనే బ్రతికే వృద్ధులకు ఆ మూడు నెలలు ఎలా గడవాలో ఆ కాగితాలు చెప్పలేదు.

మరి ఇంటి యజమాని ఏం చేయాలి? ముందు అడగాలి, ఫోనులో అరవటం కాదు, కూర్చుని అడగాలి. ఇవ్వలేకపోతున్నాడా, ఇవ్వటం లేదా అన్నది తెలుసుకోవాలి. ఇవ్వలేనివాడితో వాయిదాలకు ఒప్పుకోవచ్చు. అడ్వాన్సును తగ్గించుకొని, పిల్లల చదువు సంవత్సరమో, ఇంట్లో పురుడో, జబ్బో గడిచేదాకా ఆగి, ఒక తేదీ అనుకోవచ్చు. ఆషాఢంలో ఇల్లు మారని కుటుంబాల నమ్మకం మనకు లేకపోయినా, ఒక నెల ఆగటం వల్ల పోయేదేమీ ఉండదు. ప్రతి పైసాకూ రసీదు ఇవ్వాలి, ప్రతి ఒప్పందాన్నీ కాగితం మీద పెట్టాలి. వీధిలో నిలబెట్టి పరువు తీయకూడదు, మగవాడు ఇంట్లో లేని వేళ వెళ్ళి ఆడవాళ్ళను గద్దించకూడదు. ఇవ్వగలిగీ ఇవ్వనివాడికి లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, గడువు తీరాక కోర్టుకు వెళ్ళాలి. అలా వెళ్ళటంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఒకే పోర్షను మీద బ్రతికే ముసలమ్మ నుంచి నెలల తరబడి ఓపికను ఆశించటం అన్యాయం. ఇరవై ఫ్లాట్లు అద్దెకిచ్చినవాడి నుంచి ఆ ఓపికను ఆశించటం న్యాయం. ఒక ఇంటి అద్దె ఆగితే అతని ఇంట్లో మందులు ఆగవు.

ఇప్పుడు ఆ పాత మాటల తేడా దగ్గరికి వద్దాం. అద్దెతో ఏ సంబంధమూ లేకుండా మన ఇళ్ళలో జరిగే వెళ్ళగొట్టుళ్ళు కొన్ని ఉన్నాయి. కులం తెలిసిందని ఖాళీ చేయమంటారు. మాంసం వాసన వచ్చిందని ఖాళీ చేయమంటారు. అద్దె ఇంట్లో ఉంటున్న మనిషి ఆసుపత్రిలో చనిపోతే శవాన్ని వాకిట్లోకి రానివ్వని యజమానుల వార్తలు తెలుగు పత్రికల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఏళ్ళ తరబడి ఒక్క నెల కూడా బాకీ పెట్టని కుటుంబం, చనిపోయిన మనిషిని రోడ్డు పక్కన టెంటులో పడుకోబెట్టి ఏడవవలసి వస్తుంది. అక్కడ బాకీ ఏమున్నది? యజమాని ఆ కుటుంబానికి గోడల్నీ కప్పునూ ఇచ్చాడు గాని, అక్కడ పుట్టే హక్కునూ చచ్చే హక్కునూ తన దగ్గరే పెట్టుకొన్నాడు. అద్దె అడిగినంతవరకు అతను ఇంటి యజమాని. అద్దె కానిదాన్ని, అంటే కులాన్ని, తిండిని, అణకువను, చావు మీద అదుపును అడిగినప్పుడు, లేదా బాకీ పేరు చెప్పి తాళాన్నీ నీళ్ళనూ తన చేతిలోకి తీసుకొన్నప్పుడు, అతను భూస్వామి అవుతాడు. పొలం లేకపోయినా సరే. మన కోపం నిజంగా చేరవలసిన చోటు అది. నెల అద్దె అడిగినందుకు ప్రతి ముసలమ్మనూ విలన్‌గా చిత్రించే కథలు ఈ తేడాను చెరిపేస్తాయి, దానివల్ల అసలు భూస్వామ్యం కంటబడకుండా తప్పించుకొంటుంది.

మిగిలిన బాధ్యత ప్రభుత్వానిది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. నీళ్ళూ కరెంటూ ఆపటాన్ని నిషేధించింది. వరుసగా రెండు నెలలు బాకీ పడి, నోటీసు ఇచ్చాక నెలలోగా కూడా కట్టకపోతే ఖాళీ చేయించవచ్చునన్నది. వేగంగా తీర్పు చెప్పే అద్దె కోర్టులు పెట్టమన్నది. ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలు తమ చట్టాలను ఆ దారిలో మార్చుకొన్నాయి. త్వరగా తీర్పు రావటం మంచిదే, అది ఇద్దరికీ మేలు. అయితే గడువు దాటి ఉండిపోయినవాడిపై మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆ తరువాత నాలుగు రెట్లు అద్దె వేయమంటున్న ఆ చట్టం, ఇవ్వలేనివాడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. కోర్టు ఎంత త్వరగా తలుపు తెరిస్తే అతను అంత త్వరగా రోడ్డున పడతాడు.

మన గృహనిర్మాణ పథకాలన్నీ సొంత ఇంటి చుట్టూనే తిరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నాటి ఇందిరమ్మ ఇళ్ళు అంతే, 2015 నాటి ప్రధానమంత్రి ఆవాస యోజనా అంతే. 2020లో మొదలైన అద్దె గృహ సముదాయాల పథకం వలస కూలీల కష్టాలు చూశాక వచ్చిన ఆలోచన. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వియన్నా నగరపాలక సంస్థ వేరే దారి పట్టింది. 1923లో ఇళ్ళ మీద ప్రత్యేకమైన పన్ను వేసి, పెద్ద ఇళ్ళవారి దగ్గర ఎక్కువ వసూలు చేసి, 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్ళు కట్టి కార్మికులకు తక్కువ అద్దెకిచ్చింది. నేల విలువలో నగరం సృష్టించిన భాగాన్ని నగరం తిరిగి తీసుకోవటమంటే ఇటువంటిదే. మన పురపాలక సంఘాలు ఇల్లు పోయిన కుటుంబానికి కొన్ని నెలల నీడనైనా, పని పోయినవాడికి కొన్ని నెలల అద్దెనైనా ఆ పన్నులోంచి ఇవ్వటం అసాధ్యమేమీ కాదు.

అటువంటి ఏర్పాటు లేనంతకాలం ఖాళీ చేయించే హక్కు న్యాయమైన హక్కుగానే ఉన్నప్పటికీ, దాన్ని న్యాయంగా వాడటం దాదాపు అసాధ్యమవుతుంది. టైలరుకు మూడు నెలల అద్దె సాయం అంది ఉంటే అతని కూతురి పరీక్షలు మా అమ్మ మందులతో ముడిపడి ఉండేవి కావు. ఆ ఇద్దరిలో ఎవరి పక్షమని నన్ను అడిగితే చెప్పలేను. ఆ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టిన ఏర్పాటుకు వ్యతిరేక పక్షమని మాత్రం చెప్పగలను.